అరచేతి వేడి

ఉదయగిరి కొండను ఉన్నచోట నిలబెట్టి, దాని నీడలో నన్ను పుట్టించి, ఇంతవరకు అన్నం పెట్టి నడిపించిన దేవునికి స్తోత్రం. మనుషులు ఒకరినొకరు కొలుచుకునే కొలతలతో ఆయన మనల్ని కొలవనందుకు మరీ స్తోత్రం. ఈ రెండు మాటలూ ముందు రాసుకోకపోతే తరవాతి మాటలు రాసే ధైర్యం నాకు లేదు. నేను రాయబోయేది చనిపోయిన ఒక మనిషి గురించి. ఆ మనిషంటే నాకు ఇష్టం లేదు.

మొన్న ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరు గారు ప్రకటనల కాగితం తీశారు. మన ఇండస్ట్రియల్ స్కూలు వర్క్‌షాపులో చాలా ఏళ్ళు మేస్త్రీగా పనిచేసిన పెద్దాయన ఆత్మకూరులో కూతురి ఇంట్లో ప్రభువునందు నిద్రించాడని చదివారు. ముందు వరసల్లో ఆడవాళ్ళు అయ్యో అన్నారు. నేను పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల ఏమీ కదల్లేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే పాస్టరు గారు నా దగ్గరికి వచ్చారు.

"మన సంఘ పత్రికకు ఆయన్ను గురించి నువ్వే రాయాల. ఆయన చేతికింద ఎక్కువ కాలం ఉండింది నువ్వే గదా. నాలుగు మంచి మాటలు చాలు."

"మంచి మాటలు నా దగ్గర లేవండీ."

ఆయన ప్రకటనల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయితే నిజం మాటలు రాయి. అచ్చు వెయ్యాల్నా వద్దా నేను చూసుకుంటా."

అందుకని రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన పిల్లలు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్ళు నాకు ఏ హానీ చేయలేదు.

ఆయన మనిషి పొట్టి. ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, కుడి మేజోడులో దోపుకున్న ఆరంగుళాల ఉక్కు స్కేలు. ఆదివారం పంచె కట్టుకుని మందిరానికి వచ్చినా ఆ స్కేలు చొక్కా జేబులోకి చేరేది. బైబిలు తెచ్చుకోవడం మరిచిపోయిన రోజులున్నాయి గాని స్కేలు మరిచిపోయిన రోజు లేదు. కడపటి బెంచీలో కూర్చునేవాడు. ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటే ఆయన తెరుచుకుని దూలాలు చూసేవాడు. ఒకసారి ఆరాధన అయ్యాక అప్పటి పాస్టరు గారి దగ్గరికి పోయి, "ప్రసంగ బల్ల ఎడమ పక్క పావు అంగుళం దిగిపోయుండాది. మీరు అట్టా వాలి మాట్లాడతావుంటే నాకు వాక్యం తలకెక్కలా" అన్నాడు. ఆ పాస్టరు గారు సాత్వికుడు, నవ్వి ఊరుకున్నారు. సోమవారం పొద్దున ఈయన చెక్క ముక్క తెచ్చి బల్ల కాలి కింద కొట్టి పోయాడు. తాళం చెవి ఎవరిని అడిగాడో తెలియదు.

మా సంఘంలో ఆరాధన అయ్యాక అన్నదమ్ములం ఒకరికొకరం చెయ్యి కలుపుకుంటాం. ఆయన రెండు వేళ్ళు ఇచ్చి వెనక్కి తీసుకునేవాడు. వర్క్‌షాపులోనూ అంతే. ఇనుమైనా ఇత్తడైనా అరచేత్తో పట్టుకునేవాడు కాదు. అంచు దగ్గర గుడ్డతో, పొయ్యి మీది గిన్నె దించినట్టు పట్టుకునేవాడు. మనుషుల్నీ లోహాన్నీ ఒకే రకంగా దూరం పెట్టేవాడని నాకు అనిపించేది.

నోరు మాత్రం దూరంగా ఉండేది కాదు. మేము అక్కడ చదివే రోజుల్లో ఒక పిల్లవాడు లేతు యంత్రం మీద తీసిన కడ్డీ ఒక చివర లావుగా, ఒక చివర సన్నంగా వచ్చిందనుకోండి, ఆ జాబును, అంటే చేసిన ముక్కను, అందరికీ కనబడేటట్టు ఎత్తి పట్టేవాడు.

"ఇది జాబా, మునక్కాయా? ఇంటికి తీసకపోయి మీ అమ్మకియ్యి, పులుసులో ఏస్తాది."

అందరం నవ్వేవాళ్ళం. మరునాడు నవ్వులపాలయ్యే వంతు మాది. చెడిపోయిన పనిని ఆయన పారేయనిచ్చేవాడు కాదు. వర్క్‌షాపు గుమ్మం పక్కనే ఒక అద్దాల అలమర ఉండేది. చెడిన ప్రతి ముక్కకూ దారంతో ఒక అట్టముక్క కట్టి, చేసినవాడి పేరు రాసి, అందులో పెట్టేవాడు. ఏడాది చివర బహుమతుల రోజు తల్లిదండ్రులు దుత్తలూరు నుంచీ వరికుంటపాడు నుంచీ నడిచి వస్తే, లోపలికి అడుగు పెట్టగానే వాళ్ళకు మొదట కనబడేది తమ బిడ్డల తప్పులు. చదువు రానివాళ్ళకు ఆయనే చదివి వినిపించేవాడు.

రెండు మాటలు ఆయన నోట్లో ఎప్పుడూ ఆడేవి. ఒకటి: "చూసినానని చెప్పబాక, కొలిచినానని చెప్పు." రెండోది: "దేవుడు క్షమిస్తాడురా, మైక్రోమీటరు క్షమించదు." మొదటిదాన్ని నేను ఒప్పుకుంటాను. రెండోది వింటే అప్పుడూ ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది.

మూడో మాట ఒకటి ఉంది. నా కథంతా దాని మీదనే ఉంది.

మా వర్క్‌షాపులో మధ్యాహ్నం పన్నెండుకు గంట కొట్టేవాళ్ళు. ఆయిల్ ఇంజను ఆపేవాళ్ళు, పైన తిరిగే ఇరుసు మెల్లగా నిలిచేది, బెల్టులు ఊగి ఆగేవి. ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసేవాళ్ళం. అప్పుడు ఎవడి చేతిలోనైనా పని ముక్క ఉంటే ఆయన అరిచేవాడు.

"కింద పెట్రా. కింద పెట్టి చేసుకో నీ ప్రార్థన."

మా సంఘాల్లో పుట్టి పెరిగినవాడికి ఆ మాట ఎట్లా తగులుతుందో చెప్పాలి. మాలో కోతల పండుగకు మొదటి పంటను పళ్ళెంలో పెట్టి దూరంగా నిలబడరు. సజ్జకంకి గాని, జొన్నకంకి గాని, కోడిపెట్ట గాని, ఎవరు తెచ్చింది వాళ్ళు రెండు చేతుల్లో రొమ్ముకు ఆనించి పట్టుకుని నిలబడతారు. పాస్టరు గారు ప్రార్థించి ఆమేన్ అనేదాకా కింద పెట్టరు. మా అమ్మ ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పల్లెలు తిరిగేది. ఆమె కొత్త చాట కొన్నా, రవిక కుట్టినా అదే చేసేది. "చేతిలో పట్టుకోని దేవునికి చూపించు నాయనా. నీ చేత్తో చేసింది నీ చేత్తోనే చూపించాల" అని నాకు నేర్పింది. అట్లాంటివాణ్ణి, నా పనిని కింద పెట్టి ప్రార్థించమంటే, నీ పనికీ నీ దేవునికీ సంబంధం లేదని చెప్పినట్టే నాకు వినబడేది.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "ఎందుకండీ కింద పెట్టాల?"

"ఎందుకు అనేది కాలేజీ మాటరా. ఈడ ఎట్టా అనేది ఒకటే."

అంతే. దానికి మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన కాలేజీ గడప తొక్కినవాడు కాదు. ఎక్కడో రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో చిన్నప్పుడు దెబ్బలు తింటూ నేర్చుకున్నాడని చెప్పేవాళ్ళు. కాలేజీ వాళ్ళంటే పడేది కాదు. "వాళ్ళు బొమ్మ గీస్తారు, మనం ముక్క చేస్తాం" అనేవాడు. నాకేమో ఆ బొమ్మ గీయడమే నేర్చుకోవాలని ఉండేది. లేతు ఎందుకు వణుకుతుందో, టూలు ఎందుకు మాడుతుందో, ఉక్కు నీళ్ళలో ముంచితే ఎందుకు గట్టిపడుతుందో, ఆ ఎందుకులన్నీ రాసిన పుస్తకాలు పాలిటెక్నిక్‌లో ఉంటాయని విన్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన మూడో చలికాలం ఆ దారి తెరుచుకుంది. ఆత్మకూరులోని వర్క్‌షాపులో ఐదారు స్కూళ్ళ పిల్లలకు లేతు పని మీద పోటీ పెట్టారు. గెలిచినవాడికి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా సీటు, హాస్టలు వసతి. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. నాకు ఆ సీటుకు ఇంకో దారి లేదు, ఆ తరవాతి ఏడాదికి నా వయసు కూడా దాటిపోతుంది. నెల రోజులు ఈయనే నన్ను తయారు చేశాడు. అది కాదనను. టూలు సాన పట్టడంలో నా చేతికి వచ్చిన నిదానం ఆయన పెట్టిందే. కాదంటే అబద్ధికుణ్ణి అవుతాను.

పోటీ పని ఇది. పరీక్షకుడు పాలిటెక్నిక్ నుంచి ఒక ఉక్కు రింగు తెచ్చాడు, లోపలి వెడల్పు రెండంగుళాలు. మేము ఇత్తడితో గుండ్రటి దిమ్మ ఒకటి తీయాలి. రింగు నోట్లో పెట్టి వదిలితే దానంతట అది దిగాలి, నూనె వేయకూడదు, నొక్కకూడదు. లోపల కదలకూడదు కూడా. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో సగం ముక్క తేడా వచ్చినా అయితే ఇరుక్కుంటుంది, లేకపోతే వదులుగా కదలాడుతుంది.

మొదటి రోజు సాయంత్రానికి నాది అయిపోయింది. చివర గరుకు ఎమరీ గుడ్డతో నిమిరి, బాగా చల్లారనిచ్చి, రింగులో వదిలాను. నీళ్ళతొట్టిలో ముంత మునిగినట్టు మెల్లగా దిగింది. మా మేస్త్రీ వంగి చూశాడు. "ఊఁ" అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు. దిమ్మలకు నెంబర్లు వేసి చదునైన ఇనుప బల్ల మీద పెట్టి గదికి తాళం వేశారు. మరునాడు పొద్దున తీర్పు.

ఆ పొద్దున పెన్న వైపు నుంచి చలిగాలి కోస్తోంది. మమ్మల్ని పిలిచి, ఎవరి దిమ్మ వాళ్ళు తీసుకుని పరీక్షకుడి బల్ల ముందు వరసగా నిలబడమన్నారు. నా పక్కన ఆత్మకూరు బజార్లో ఇనుపసామాన్ల అంగడి శెట్టిగారి అబ్బాయి. ముందు రోజంతా నాతో సరదాగా మాట్లాడినవాడే. పరీక్షకుడు రింగు తీసేలోగా ఆ ఊరి పాస్టరు గారు ముందుకు వచ్చి, "తీర్పుకు ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

ఆ పాస్టరు గారి ప్రార్థనలు పొడుగని పేరు. మొదట స్కూళ్ళ కోసం, తరవాత కొత్త ప్రభుత్వం కోసం, తరవాత మెట్ట ఊళ్ళలో వానల కోసం ప్రార్థించారు. అనంతసాగరంలో కాలు విరిగిన ఒక అన్న కోసం విడిగా ప్రార్థించారు. నేను దిమ్మను రెండు అరచేతుల మధ్య పెట్టి రొమ్ముకు ఆనించుకున్నాను. మా అమ్మ నేర్పినట్టే పట్టుకున్నాను. ఇత్తడి మొదట ఐసుగడ్డలాగా ఉంది. తరవాత చల్లదనం పోయింది. తరవాత నా ఒళ్ళూ అదీ ఒకటే అయినట్టు అనిపించింది. దేవుడు దగ్గరగా ఉన్నాడనుకున్నాను. ఉన్నాడు కూడా, ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

ఆమేన్ అని కళ్ళు తెరిచాను. గోడ దగ్గర మా మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఆయన చూపు నా చేతుల మీద ఉంది. ప్రార్థనలో కళ్ళు మూసుకునే మనిషి కాదు గదా. మొదటినుంచీ చూస్తూనే ఉన్నాడు.

శెట్టిగారి అబ్బాయి దిమ్మ రింగులో దిగింది. కొంచెం వదులుగా ఉందని పరీక్షకుడు తల ఆడించాడు. తరవాత నాది. అంచు మీద నిలబడిపోయింది. ఆయన తీసి, తుడిచి, తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నిలబడింది. ఒక్కొక్కరికి రెండుసార్లే.

"సారీ తమ్ముడూ, కొంచెం ఎక్కువ ఉంచేశావు" అని కాగితం మీద రాసుకున్నాడు.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన గోళ్ళ సందుల్లో మసి నూలుగుడ్డతో తుడుచుకుంటున్నాడు.

పేర్లు చదివారు. కొంచెం వదులైనా దిగినవాటిలో అదే నయమని, సీటు శెట్టిగారి అబ్బాయికి. అందరూ కాఫీకి పోయారు. నేను అక్కడే ఉన్నాను. మేస్త్రీ వచ్చి, గుడ్డతో నా దిమ్మను తీసి, నీడలో రాతి మెట్టు మీద పెట్టాడు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు. తరవాత లోపలినుంచి రింగు తెచ్చి దాని నోట్లో దిమ్మ పెట్టి వేళ్ళు తీసేశాడు.

దిగింది. ముందు సాయంత్రం దిగినట్టే, నిదానంగా.

"చూసినావా. నీ చేతి వేడిరా అది. ఎన్నిసార్లు చెప్పినాను కింద పెట్టమని?"

నేను అడిగాను. "మీరు ఆడే ఉండారు గదండీ. చూస్తానే ఉండారు. ఒక మాట చెప్పుంటే?"

"నేను చెబితే అది నీ పనెట్టా అవుద్ది?"

"పోనీ ఇప్పుడైనా చెప్పండి. మళ్ళా ఒకసారి చూడమనండి. దిగింది గదా."

"చెప్పను. చల్లారినాక దిగే ముక్క చేసినావు, సరే. చేతికి అప్పగించేదాకా పనేరా. అప్పగించేది తెలవకపోతే పని తెలవనట్టే."

"నా సీటండీ."

"తెలుసులే" అన్నాడు.

ఆ 'తెలుసులే' అన్న మాట నేను మరిచిపోలేదు. తెలియక చేసినవాడిని క్షమించడం తేలిక. ఆ దిమ్మను ఆయన గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఉదయగిరి బస్సులో ఆయన ముందు, నేను వెనక.

మా అమ్మ వరికుంటపాడు వైపు పల్లెల నుంచి వచ్చి సంగతి విని, చీర చెంగు దులిపి, నేరుగా ఆయన ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. వాకిట్లోనే నిలబెట్టాడు.

"మీవాడు ప్రార్థన చేసినాడమ్మా, కొలత మరిచినాడు" అన్నాడు.

"నువ్వు కొలిచినావులే సామీ, కడాకు కొలిచినావు" అంది అమ్మ. "రేపు దేవుని ముందర నువ్వు నిలబడినప్పుడు, పక్కనుండేవాళ్ళు నీ తరపున ఒక మాట చెప్పాల్సొస్తే, వాళ్ళూ నీ మాదిరే గోళ్ళు తుడుచుకుంటా ఉంటే ఎట్టుంటాదో ఆలోచించుకో."

ఆయన లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాడు. విసురుగా కూడా వేయలేదు, చప్పుడు కాకుండా వేశాడు.

మరుసటి వారం వర్క్‌షాపుకు పోతే నా దిమ్మ అద్దాల అలమరలో ఉంది. కొలత సరిపోయిన ముక్క, తప్పుడు ముక్కల మధ్య. నా పేరు రాసిన అట్టముక్క దానికి కట్టి ఉంది. ఆ తరవాత ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లలను ఆ అలమర ముందు నిలబెట్టి, "వీడు చేతిలో పట్టుకోని ప్రార్థన చేసినాడు, సీటు పోగొట్టుకున్నాడు" అని నన్ను పాఠంగా చెప్పేవాడు. నేను అప్పటికి అదే వర్క్‌షాపులో ఆయన కింద సహాయకుణ్ణి. ఆ చివర లేతు దగ్గర నిలబడి వింటూ ఉండేవాణ్ణి. కొత్త పిల్లలు నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఆ ఇత్తడి దిమ్మ నీదేనంటనే?" అని అడిగేవాళ్ళు. నాదేనని చెప్పేవాణ్ణి. ఇంకేం చెప్పేది.

కొన్నేళ్ళకు శెట్టిగారి అబ్బాయి డిప్లొమా ముగించి, ఉద్యోగంలో చేరి, ఒకసారి ఉదయగిరి వచ్చి నన్ను వెతుక్కుంటూ వర్క్‌షాపుకు వచ్చాడు. మంచివాడు. ఆ రోజు సంగతి తనే ఎత్తాడు.

"నాకు అప్పుడేం తెలుసురా. మీ పాస్టరయ్యగారు ప్రార్థన అన్నాడు, నేను దణ్ణం పెట్టుకోవాల గదా, రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే గదా దణ్ణం. అందుకని బల్ల మీద పెట్టినా. నాది చల్లగా ఉండిపోయింది, నీది కాగింది. ఇది గెలవడం కాదురా."

"నీది వదులుగా ఉండిందిలే" అన్నాను.

"వదులే. ఇప్పటికీ నా పనంతా వదులే" అని నవ్వాడు. తరవాత సంచిలోంచి తన పాత పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "నీకోసమే తెచ్చినా. మొదటి సంవత్సరం, మొదటి నెల పాఠం. చూడు."

ఒక పట్టిక. ఉక్కు ఇంత వేడికి ఇంత పెరుగుతుంది, ఇత్తడి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. పక్కన అంకెలు. నేను అక్కడే కూర్చుని లెక్క వేశాను. చలి పొద్దున, మనిషి అరచెయ్యి, రెండంగుళాల ఇత్తడి. వెయ్యో వంతులో సగం. నా సీటు అంత సన్నం.

ఆ రోజు నా కోపం పోలేదు గాని, దానికి సరైన చోటు దొరికింది. మేస్త్రీకి ఇత్తడి సంగతి తెలుసు. అరచేత్తో పట్టుకోకపోవడం, అంచుల్నే గుడ్డతో తాకడం, సంఘంలో రెండు వేళ్ళే ఇవ్వడం, అన్నీ ఆ ఎరుకలోంచి వచ్చిన అలవాట్లే. తనకు తెలిసినదాన్ని మాకు ఒక అరుపుగా ఇచ్చాడు. 'చేతి వేడికి ఇత్తడి ఉబ్బుతుందిరా' అనే ఒక్క వాక్యం, నాలుగు మాటలు, ఏడాదిలో ఏదో ఒక మధ్యాహ్నం చెప్పి ఉంటే నేను ఆ పొద్దున దిమ్మను బల్ల మీద పెట్టి ఉండేవాణ్ణి. దేవుణ్ణి ఎగతాళి చేస్తున్నాడని ఆయన మీద పంతం పట్టి ఉండేవాణ్ణి కాదు. కారణం చెప్పడం కాలేజీ వాళ్ళ పని అనుకున్నాడు. ఆ కాలేజీకి నేను పోయే దారిని అదే మూసింది.

ఆయన ఉద్యోగం చాలించుకుని ఆత్మకూరు వెళ్ళిపోయాక వర్క్‌షాపు నా చేతికి వచ్చింది. మధ్యాహ్నం గంట కొడితే నేనూ పిల్లలతో "కింద పెట్టి ప్రార్థన చెయ్యండి" అంటాను. ఆయన మాటే నా నోట్లోంచి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ చేదుగానే ఉంటుంది. అయితే చేరిన మొదటి వారమే ప్రతి పిల్లవాడి చేతిలో ఒక ఇత్తడి దిమ్మ పెట్టి, ఒక కీర్తన పాడించి, తరవాత రింగులో వేయిస్తాను. దిగదు. ఎందుకో వాళ్ళే కనుక్కునేదాకా చెప్పను, కనుక్కున్నాక పట్టిక చూపిస్తాను. కోతల పండుగకు కంకి పట్టుకోమనే చెబుతాను. కంకికి కొలత లేదు.

అలమరను మాత్రం ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఆయన బతికి ఉండగా దాన్ని తెరిస్తే ఓడిపోయినట్టు ఉంటుందనిపించింది. ఆయన పోయాడని విన్న మరునాడు, సోమవారం, తాళం పగలగొట్టాను. చెడిన ముక్కలన్నీ తీసి పాత ఇనుము గంపలో వేశాను. నా దిమ్మ నల్లబడి ఉంది. దాని అట్టముక్క వెనక పక్క ఎప్పుడూ గోడ వైపు ఉండేది. ఇన్నేళ్ళలో దాని వెనక ఆయన ఏమైనా రాశాడేమో అనే ఆశ నాకు లేకపోలేదు. కొలత సరి అనో, అప్పుడు చెప్పి ఉండాల్సిందనో. తిప్పి చూశాను. ముందు పక్క నా పేరు వెలిసిపోయి ఉంది. వెనక ఏమీ లేదు. చెదపురుగు తిన్న రెండు బొక్కలు, అంతే. ఆ మనిషి నాకు బాకీ ఉన్న మాట ఆయన నోట రాలేదు, చేతిరాతలోనూ రాలేదు. ఇక రాదు.

దాన్ని ఇంటికి తెచ్చాను. అమ్మకు ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు. చేత్తో తడిమి చూసి, "ఇదేనా అది?" అంది.

"ఇదేమ్మా."

"ఆయన కోసరం ప్రార్థన చేసినావా?"

"లేదు."

"చెయ్యవా?"

"రాలేదమ్మా. మన ప్రభువు నేర్పిన ప్రార్థనలో, మా మీద తప్పు చేసినవాళ్ళను మేము క్షమించినట్టు అనే చోటుకు వచ్చేసరికి, ఈ పదేళ్ళుగా నేను నోరు కదిలిస్తా ఉండానే గాని ఆ మాట అనడం లేదు. అందరితో పాటు పెదాలు ఆడిస్తాను."

అమ్మ ఒళ్ళోని దిమ్మను చెంగుతో తుడిచింది.

"అవతలోడు అడిగినాకనే క్షమించాలంటే మన గతేంది నాయనా" అంది. "నేనూ ఆయన్ను ఆ పొద్దు వాకిట్లో శపించినట్టే మాట్లాడినా. ఆయన పక్కన ఇప్పుడు ఎవురుండారో, గోళ్ళు తుడుచుకుంటా ఉండారో ఏమో. మనమన్నా నోరు తెరవాల గదా."

నాకు ఆయన మీద ప్రేమ పుట్టలేదు. పుట్టిందని రాస్తే పాస్టరు గారికి సంతోషమే గాని నాకు అబద్ధం. ఆయన ఆ పొద్దున నోరు తెరవలేదు, నా చదువు పోయింది. అది అట్లాగే ఉంది. అయితే ఇప్పుడు దేవుని ముందు ఆయన నిలబడిన చోట నేను గోడ దగ్గర నిలబడి ఊరుకుంటే, నేనూ ఆయనా ఒకటే అవుతాం. అది మాత్రం నాకు వద్దు.

కాబట్టి ఇది చదువుతున్న సోదరులారా, సోదరీలారా, మీరు నాతో కలవండి. మీ చేతిలో ఏది ఉంటే అది కింద పెట్టండి. ఎందుకో ఈసారి చెబుతున్నాను: ఎక్కువసేపు పట్టుకుంటే అది మన వేడికి ఉబ్బి, దిగాల్సిన చోట దిగదు. నేను దిమ్మను బల్ల మీద పెట్టాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. తండ్రీ, మా మేస్త్రీని క్షమించు. ఆయన్ని క్షమించలేని నన్ను క్షమించు. ప్రభువు ప్రార్థనలో 'మేము క్షమించినట్టు' అనే ఆ ఒక్క వాక్యం దగ్గర నా గొంతు ఆగినప్పుడు, మీరు ఆగవద్దు. నా బదులు గట్టిగా చెప్పండి. నేను మీ వెనక అందుకుంటాను. ఆమేన్.